బీచ్ ఉంది కదా, పార్కులెందుకు?

(విశాఖపట్నం పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం. ఆదివారం సాయంత్రం ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, సంతోషం. నేను మున్సిపల్ స్కూల్లో డ్రిల్లు మాస్టారిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పిల్లల ఆటలు, ఆటస్థలాలు, ఇవే నా జీవితం. అందుకే పార్కుల గురించి మాట్లాడమని అడిగితే వెంటనే ఒప్పుకున్నాను.

మన ఊళ్లో పార్కు మాట ఎత్తగానే ఎవరో ఒకరు ఒక ప్రశ్న వేస్తారు. "బీచ్ ఉంది కదండీ, మనకి పార్కులెందుకు?" అని. ఆఫీసుల్లో విన్నాను, పెళ్లిళ్లలో విన్నాను, మా వీధి అరుగుల మీదా విన్నాను. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాళ్లకి సముద్రమంటే ప్రేమ, అంతే. కానీ నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బీచ్ ఉందన్న ధీమాతోనే మనం మన వీధి పార్కుల్ని గాలికి వదిలేశాం. దానికి నష్టపోతున్నది ఎవరంటే పిల్లలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు, చేతిలో డబ్బు ఆడనివాళ్లు.

బీచ్‌ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసి మనుషుల్ని నడవనిస్తారు చూడండి, ఈ నగరం చేసిన మంచి పనుల్లో అదొకటి. కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి, ఒడ్డున ప్రదర్శనకి పెట్టిన కురుసుర జలాంతర్గామి దాటేదాకా ఆ వేళ రోడ్డంతా మనుషులదే. డాక్టరు గారూ, చేపల బుట్ట దించి కాసేపు సేద తీరే ఆవిడా ఒకే గట్టు మీద కూర్చుంటారు. ఆ దృశ్యం నాకు చాలా ఇష్టం.

కానీ సముద్రం ఆటస్థలం కాదు. ఆర్కే బీచ్‌లో స్నానానికి దిగి కొట్టుకుపోయిన కుర్రాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉంటాం. అక్కడ జరిగేది ఏమిటంటే, ఒడ్డుకి వచ్చి పడ్డ అలల నీరంతా మళ్లీ లోపలికి పోవాలి కదా, పోవడానికి ఒక ఇరుకైన దారి చేసుకుంటుంది. ఆ దారిలో అలలు విరగవు. పైకి చూస్తే అక్కడే నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి. సముద్రం తెలియని పిల్లాడు సరిగ్గా అక్కడే దిగుతాడు. ఆ లాగుడుకి ఎదురీదితే ఎంత ఈత వచ్చినవాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ పాయ దాటాక ఒడ్డు వైపు రావాలి. ఇది మా స్కూల్లో ప్రతి సంవత్సరం చెప్పేవాణ్ణి, ఇక్కడా చెబుతున్నాను, మీ ఇళ్లల్లో పిల్లలకి చెప్పండి.

పైగా ఆ ఇసుక కూడా నిలకడగా ఉండేది కాదు. తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుక నడుస్తూ ఉంటుంది. 1970ల్లో పోర్టుకి ఔటర్ హార్బర్ కట్టినప్పుడు వేసిన రాతిగోడలు ఆ నడకకి అడ్డం పడ్డాయి. అందుకే డ్రెడ్జింగ్‌లో, అంటే సముద్రం అడుగు తవ్వి, తీసిన ఇసుకని తెచ్చి మన బీచ్‌కి పోస్తూ వస్తున్నారు. 2021 డిసెంబర్‌లో జవాద్ తుపాను సమయంలో బీచ్ రోడ్డు పక్కన పిల్లల పార్కు దగ్గర నేల కుంగి గోడ పడిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. సముద్రం తన పని తాను చేసుకుంటుంది. మన పిల్లల ఆటల బాధ్యత దానికి అప్పగించలేం.

ఇక దూరం సంగతి. 1979లో మనది కార్పొరేషన్ అయింది. 2005లో గాజువాకనీ, చుట్టుపక్కల గ్రామాల్నీ కలిపి గ్రేటర్ కార్పొరేషన్, అంటే జీవీఎంసీ, చేశారు. తర్వాత అనకాపల్లి, భీమిలి కూడా కలిశాయి. ఇవాళ అనకాపల్లి బెల్లం మార్కెట్ పక్కన ఉండే మనిషీ జీవీఎంసీ పౌరుడే, పెందుర్తిలో ఉండే మనిషీ పౌరుడే. వాళ్లతో "బీచ్ ఉంది కదా" అంటే ఏం బాగుంటుంది? నేనుండేది మర్రిపాలెం వైపు. మా ఇంటి నుంచి బీచ్‌కి వెళ్లి రావడమంటే ఒక సాయంత్రం మొత్తం పోయినట్టే. నలుగురున్న కుటుంబానికి ఆటో ఛార్జీ, అక్కడ పిల్లలడిగే మొక్కజొన్న పొత్తు, మురీ మిక్చర్ కలుపుకుంటే కూలి చేసుకునేవాడు నెలకొకసారి వెళ్లడం కూడా కష్టం. పిల్లాడికి మాత్రం ఆట రోజూ కావాలి. ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా పిల్లలు సగటున రోజుకి 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దవాళ్లకైతే వారానికి కనీసం 150 నిమిషాలు, చురుగ్గా నడవడం లాంటి శ్రమ. రోజూ చేయాల్సిన పని రోజూ వెళ్లగలిగే చోట ఉంటేనే జరుగుతుంది.

దీనికి ఒక మంచి కొలత ఉంది. నెదర్లాండ్స్‌కి చెందిన పట్టణ అటవీ నిపుణుడు సెసిల్ కోనైనెండైక్ 2021లో ప్రతిపాదించాడు. మూడు, ముప్పై, మూడు వందలు. ఇంట్లోంచి చూస్తే కనీసం 3 చెట్లు కనపడాలి. పేటలో 30 శాతం నేల మీద చెట్ల నీడ పడాలి. ఇంటి నుంచి 300 మీటర్లలో ఒక పచ్చటి జాగా ఉండాలి. నేను దీన్ని మీ చేతికి ఇస్తున్నాను, ఇవాళ ఇంటికి వెళ్లాక కిటికీ దగ్గర నిలబడి లెక్కపెట్టండి. అల్లిపురంలో, కంచరపాలెంలో, వన్‌టౌన్ సందుల్లో ఉండేవాళ్లకి ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. పక్కింటి గోడ. మన నగరం ఉత్తరాన కైలాస కొండల వరుసకీ, దక్షిణాన యారాడ కొండల వరుసకీ మధ్య గిన్నెలా ఉంది. ఫ్యాక్టరీల పొగా పోర్టు దుమ్మూ ఆ గిన్నెలోనే తిరుగుతాయి. ఆ దుమ్ము ఎక్కువ తినే పాత ఊరికే చెట్లు తక్కువ, పార్కులు తక్కువ. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

పెద్ద పార్కులు మనకి బాగానే ఉన్నాయి. కైలాసగిరి, బీచ్ రోడ్డులో వుడా పార్కు (నగరాభివృద్ధి సంస్థ పేరు మారింది కాబట్టి ఇప్పుడు వీఎంఆర్‌డీఏ పార్కు అనాలి, మనకి నోరు తిరగదు), ఒకప్పటి సెంట్రల్ జైలు స్థలంలో వచ్చిన సిటీ సెంట్రల్ పార్కు, విశాఖ ఉక్కు కోసం పోరాడిన తెన్నేటి విశ్వనాథం గారి పేరున్న తెన్నేటి పార్కు, శివాజీపాలెంలో శివాజీ పార్కు. కంబాలకొండ అడవి అంచున 1977లో తెరిచిన జూ పార్కు 625 ఎకరాలు. నగరం పక్కనే డెబ్బై చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉన్న ఊళ్లు మన దేశంలో ఎన్ని ఉంటాయి చెప్పండి? జైలు గోడలున్న చోట పిల్లలు పరుగెత్తుతున్నారంటే అది గర్వపడాల్సిన సంగతి. అయితే వీటిలో చాలావాటికి టికెట్ ఉంది, ప్రయాణం ఉంది. అవి పండక్కి వెళ్లే చోట్లు. చుట్టాలొస్తే తీసుకెళ్తాం, ఫొటోలు దిగుతాం.

ఒకప్పుడు కార్తీకమాసం వస్తే ముడసర్లోవకి వనభోజనాలకి వెళ్లేవాళ్లం. రిజర్వాయర్ పక్కన, ఉసిరి చెట్టు కింద విస్తళ్లు. పెద్దవాళ్లు వంట చూసుకుంటుంటే మేం కర్రాబిళ్ళ, ఏడు పెంకులాట. పులిహోరలోకి ఇసుక ఎగిరిపడిందని తిట్లు తినేవాళ్లం. ఆ రిజర్వాయర్ మీద ఇప్పుడు నీళ్లలో తేలే సోలార్ పలకలు కనిపిస్తాయి. కాలం మారింది, మారాలి కూడా. కానీ నేలా, చెట్టూ, నలుగురూ కలిసి కూర్చోవడం, ఈ మూడూ మన పద్ధతిలోనే ఉన్నాయని గుర్తుచేయడానికే ఇది చెప్పాను. పార్కు ఎక్కణ్ణుంచో తెచ్చిపెట్టుకున్న సోకు కాదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న చోటికి వస్తాను. మా వైపు ఒక కాలనీ పార్కు ఉంది. ఎకరం కూడా ఉండదు. రెండు కానుగ చెట్లు, ఒక వేప, గోడ పొడుగునా గన్నేరు. ఒక నడక దారి, నాలుగు సిమెంటు బెంచీలు, రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల. అందులో ఒక రోజు ఎలా గడుస్తుందో చెబుతాను వినండి.

తెల్లారి ఐదింటికి వాకర్లు వస్తారు. వీళ్లలో షుగరున్నవాళ్లే ఎక్కువ. నడుస్తూ నడుస్తూ నిన్నటి ఫాస్టింగ్ ఎంత, ఏ డాక్టరు ఏ మాత్ర మార్చాడు, అన్నీ మాట్లాడుకుంటారు. ఒకాయన రెండు రోజులు రాకపోతే మూడో రోజు నలుగురు కలిసి ఇంటికెళ్లి చూసొస్తారు. పిల్లలు విదేశాల్లో ఉన్న ముసలివాళ్లకి ఈ ఒక్క పలకరింపు ఎంత బలమో నాకు తెలుసు. ఆరున్నరకి ఒక పక్క యోగా, ఇంకో పక్క లాఫింగ్ క్లబ్బు. ఏడింటికి స్కూలు బస్సు కోసం తల్లులు పిల్లల్ని తీసుకొచ్చి గేటు దగ్గర నిలబడతారు. ఆ పది నిమిషాల్లోనే పిల్లలు బ్యాగులతోనే ఉయ్యాల ఎక్కేస్తారు.

తొమ్మిదికి గేటుకి తాళం పడుతుంది. మళ్లీ నాలుగింటికి గానీ తీయరు.

ఈ తాళం గురించి నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నీడ ఎవరికి కావాలి? ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఉక్క ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బండి మీద పార్సిళ్లు తిప్పే కుర్రాడికి ఆర్డరుకీ ఆర్డరుకీ మధ్య కూర్చునే చోటు లేదు. పక్క బిల్డింగులో ఇటుకలు మోసే ఆడవాళ్లు కాంక్రీటు స్తంభం నీడలో అన్నం క్యారేజీ విప్పుకుంటారు. ద్వారకానగర్ చుట్టుపక్కల కోచింగ్‌లకి శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి వచ్చిన పిల్లలు ఇరుకు హాస్టల్ గదుల్లో నలుగురైదుగురు ఉంటారు, పుస్తకం పట్టుకుని కూర్చోవడానికి ఒక చెట్టు కింద చోటు దొరికితే చాలు వాళ్లకి. కేజీహెచ్ పెద్దాసుపత్రిలో రోగితో పాటు వచ్చిన బంధువులు ఎక్కడ పడుకుంటున్నారో ఒకసారి మధ్యాహ్నం పూట వెళ్లి చూడండి.

మా పార్కు గేటు దగ్గర ఒకావిడ, నాలుగిళ్లల్లో పాచిపని చేసుకుని వస్తుంది, పన్నెండింటికి కాసేపు గేటు ముందు గట్టు మీద కూర్చుంటుంది. ఒకరోజు నన్ను ఆపి అడిగింది. "ఏటి బాబూ, లోపల అంత నీడుంది, ఎవులూ లేరు. గేటు ఏసేత్తే మేం ఎక్కడ కూకోవాల?" దానికి నా దగ్గర జవాబు లేదు. కాలనీ మీటింగులో అడిగితే చెప్పిన కారణం ఏమిటంటే, మధ్యాహ్నం తెరిచి ఉంచితే జంటలు వస్తారని, తాగుబోతులు చేరతారని, మొక్కలు పాడవుతాయని. తాగేవాళ్ల భయం నిజమే, కాదనను. కానీ మనుషులు తిరిగే చోటికి తాగుబోతులు రారు. ఖాళీగా, చీకటిగా, తాళం వేసి, గోడ దూకడానికి వీలుగా ఉన్న చోటికే చేరతారు. మా పార్కులో సీసాలు దొరికేది పొద్దున్నపూట, అంటే రాత్రి తాళం పడ్డాక చేరినవే. ఇక జంటలంటారా, ఒక ఆడపిల్లా మగపిల్లాడూ బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుంటే ఊరికి వచ్చిన ఆపద ఏమిటో నాకు అర్థం కాదు.

నాలుగింటికి గేటు తీశాక ఒక గంట పిల్లల రాజ్యం. ఐదున్నర దాటితే పెద్ద కుర్రాళ్లు క్రికెట్ బ్యాటుతో దిగుతారు, చిన్నవాళ్లు గోడ పక్కకి జరుగుతారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. పదేళ్ల లోపు దాకా ఆడపిల్లలూ మగపిల్లలూ సమానంగానే కనిపిస్తారు. పన్నెండు, పదమూడు వచ్చేసరికి ఆడపిల్లలు కనిపించరు. నా ఉద్యోగమంతా ఇదే చూశాను. ఖో ఖోలో మెరుపులా పరుగెత్తిన పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గ్రౌండ్ అంచున నిలబడి చూస్తూ ఉండేది. ఇంట్లో వద్దన్నారని కొంత, గ్రౌండ్ మొత్తం మగపిల్లలే ఆక్రమించారని కొంత, బాత్రూం లేదని చాలావరకు. ఒక పార్కు ఆడపిల్లలది కూడా కావాలంటే అందులో శుభ్రమైన మరుగుదొడ్డి, సరైన లైట్లు, బయట రోడ్డు మీదికి కనిపించే గోడ ఉండాలి. ఎత్తు గోడ కడితే రక్షణ అనుకుంటారు చాలామంది. లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించకుండా చేసే గోడ ఎవరికీ రక్షణ కాదు. నడుము ఎత్తు గోడ, పైన కంచె చాలు. మా పార్కులో సాయంత్రం ఒక షటిల్ నెట్ కట్టి, ఆరు నుంచి ఏడు దాకా ఆడపిల్లలకే అని రాసిపెట్టాం. మొదట్లో ఇద్దరు వచ్చారు. ఇప్పుడు వంతు కోసం వరుసలో కూర్చుంటున్నారు, వాళ్ల తల్లులు కూడా చీర కొంగు బిగించి రాకెట్ పడుతున్నారు.

ఆట వస్తువుల దగ్గరికి వద్దాం. కొంచెం చిన్న విషయంలా ఉంటుంది గానీ పిల్లల తలలు పగిలేది ఇక్కడే. మన ఊరి గాలిలో ఉప్పు ఉంది. మామూలు ఇనుముతో చేసిన ఓపెన్ జిమ్ పరికరాలు, ఉయ్యాలలు తెచ్చి పెడతారు, పైన రంగు తళతళలాడుతుంది. రెండు వానాకాలాలు పోనివ్వండి. ముందు తుప్పు పట్టేది వెల్డింగు అతికిన చోట, బోల్టు తలల కింద, ఉయ్యాల గొలుసుని పైన కడ్డీకి తగిలించే కొక్కెం దగ్గర. ఆ కొక్కెం రోజూ రాసుకుని రాసుకుని లోపలి వైపు సన్నబడుతుంది. కింద నుంచి చూస్తే కనిపించదు. చేత్తో తడిమితే తెలుస్తుంది, గాడి పడి ఉంటుంది. మూడో వంతు అరిగిందంటే మార్చేయాలి. మా స్కూల్లో ప్రతి నెలా నిచ్చెన వేసుకుని నేనే తడిమి చూసేవాణ్ణి, గ్రీజు రాసేవాణ్ణి. ఇంకోటి, ఉయ్యాల కింద నేల చూడండి. పిల్లలు కాళ్లతో ఆపి ఆపి అక్కడ గుంట పడుతుంది, వానొస్తే నీళ్లు నిలుస్తాయి. దానికి విరుగుడుగా సిమెంటు పోయించేస్తారు. దయచేసి అలా చేయించకండి. కింద అడుగు లోతు ఇసుక ఉండాలి. పడ్డ పిల్లాడు దుమ్ము దులుపుకుని లేవాలి గానీ కుట్లు వేయించుకోకూడదు. కొత్త పరికరం ప్రారంభోత్సవానికి వచ్చే నాయకుల్ని నేను కోరేది ఒకటే. ఆ పరికరంతో పాటు దాని నిర్వహణకి ఏడాదికి ఎంత, ఎవరు చూస్తారు, ఆ కాగితం కూడా అదే రోజు ఇవ్వండి.

వైకల్యం ఉన్న పిల్లలు కూడా ఆడుకునేలా బీచ్ రోడ్డులో ఒక పార్కు కట్టారు, చాలా మంచి పని. కానీ చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల మర్రిపాలెంలోనూ ఉంటుంది, మల్కాపురంలోనూ ఉంటుంది. ప్రతి కాలనీ పార్కు గేటు దగ్గర ఒక వాలు, లోపల ఒక చదునైన దారి, ఇంతకి ఎంత ఖర్చవుతుంది?

చెట్ల గురించి చెప్పకపోతే ఈ ఊరివాణ్ణి కాను. 2014 అక్టోబర్ 12. హుద్‌హుద్. మర్నాడు పొద్దున్న తలుపు తీసిన ప్రతి ఒక్కరికీ ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. కొండలు గోధుమ రంగులో, ఆకు అనేది లేకుండా. ఆంధ్రా యూనివర్సిటీలో, వుడా పార్కులో, సీతమ్మధార రోడ్ల మీద పెద్ద పెద్ద తురాయి చెట్లు, నిద్రగన్నేర్లు వేళ్లతో సహా పడిపోయాయి. వేరు లోతుకి పోని చెట్టు, చుట్టూ సిమెంటు పోసి వేరుకి ఊపిరాడకుండా చేసిన చెట్టు, ముందు పడ్డాయి. తాటిచెట్లు మాత్రం చాలావరకు నిలబడ్డాయి. ఆ తర్వాత త్వరగా పచ్చదనం రావాలన్న తొందరలో త్వరగా పెరిగేవే ఎక్కువ నాటాం. వాటిలో ఏడాకులపాల ఒకటి. అక్టోబర్, నవంబర్ నెలల్లో సాయంత్రం అయ్యేసరికి ఆ పువ్వుల ఘాటు వాసనకి ఆయాసం ఉన్నవాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు. త్వరగా పెరిగే ఇంకో చెట్టు కోనోకార్పస్ సంగతి అందరికీ తెలిసిందే, గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. మన తీరానికి అలవాటైన చెట్లు మనకే ఉన్నాయి. పొన్న ఉంది, గంగరావి ఉంది, కానుగ, పొగడ, బాదం. ఉప్పుగాలిని ఇవి తట్టుకుంటాయి. నెమ్మదిగా పెరుగుతాయి, నిజమే. పొగడ చెట్టు నీడ మనకి కాకపోయినా మనవలకి దొరుకుతుంది, దానికీ ఓపిక పట్టాలి. ఆర్‌సీడీ ఆస్పత్రి వెనక బయోడైవర్సిటీ పార్కు ఉంది, మీ పిల్లల్ని తీసుకెళ్లి ఒక పూట తిప్పండి. చెట్ల పేర్లు ఫోన్లో కాకుండా చెట్టు కింద నిలబడి నేర్చుకుంటారు.

నేల కూడా నేలగానే ఉండనివ్వాలి. ఈమధ్య పార్కు అభివృద్ధి అంటే టైల్స్ పరచడం అయిపోయింది. వాన నీరు ఇంకదు, గెడ్డలోకి, అంటే వాగులోకి, పరుగెత్తి పల్లంలో ఉన్న పేటలో ఇళ్లల్లోకి వెళుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టైల్స్ మీద నడిచి ఇంకా నొప్పి తెచ్చుకుంటున్నారు. గ్రావెల్ కలిపి దిమ్మిస చేసిన మట్టి దారి ఖర్చు తక్కువ, కాళ్లకి సుఖం.

ఇప్పుడు చట్టం మాట, ఇది జాగ్రత్తగా వినండి. రాజ్యాంగానికి 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో పన్నెండో అంశంగా పార్కులు, తోటలు, ఆటస్థలాలు అని రాసి ఉంది. అంటే పార్కు మున్సిపాలిటీ దయతో ఇచ్చేది కాదు, దాని పనుల జాబితాలో ఉన్నది. మన రాష్ట్రంలో లేఅవుట్ వేసినప్పుడు పదిశాతం స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకి అప్పగించాలి. కేంద్రం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాల ప్రకారం మనిషికి పది, పన్నెండు చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలి. ఇంత రాసి ఉన్నా ఆ పదిశాతం ఎలా కరిగిపోతుందో మీరందరూ చూశారు. ముందు ఒక మూల వాటర్ ట్యాంకు వస్తుంది. ప్రజలకి అవసరం కదా, ఎవరూ మాట్లాడరు. తర్వాత సంఘం ఆఫీసు గది. తర్వాత ఒక గుడి. తర్వాత కమ్యూనిటీ హాలు, దాన్ని పెళ్లిళ్లకి అద్దెకివ్వడం. ప్రతిదీ మంచి పనే. చివరికి పిల్లలకి మిగిలేది జనరేటర్ పక్కన నాలుగు గజాలు.

మంచి పని అన్న మాటకే సుప్రీంకోర్టు 1991లో జవాబిచ్చింది. బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ట్రస్టుకి నర్సింగ్ హోం కట్టుకోమని ఇచ్చేశారు, అదీ ముఖ్యమంత్రి ఆదేశంతో. ఆస్పత్రి కదా, అంతకన్నా ప్రజోపయోగం ఏముంటుంది అని వాదించారు. కాలనీవాసులు హైకోర్టుకి వెళ్లారు, గెలిచారు. సుప్రీంకోర్టు కూడా వాళ్ల పక్షానే నిలిచింది. పార్కుకి ఉంచిన జాగా పార్కుకే, దాన్ని అడిగే హక్కు చుట్టుపక్కల ఉన్నవాళ్లకి ఉంది అని తేల్చింది. 1999లో లక్నో కేసు ఇంకా గట్టిది. ఝండేవాలా పార్కు కింద భూగర్భంలో షాపింగ్ కాంప్లెక్సు కట్టడం మొదలెట్టేశారు. కట్టినదాన్ని తీసేసి పార్కుని యథాస్థితికి తెమ్మని కోర్టు ఆదేశించింది. ఈ రెండు తీర్పుల సంగతి మీ కాలనీ సంఘం కార్యదర్శికి తెలిసుండాలి. తెలియకపోతే మీరు చెప్పండి.

మరి ఏం చేయాలి? ముందు మీ లేఅవుట్ ప్లాను నకలు సంపాదించండి. ఆమోదించిన ప్లానులో పార్కు ఎక్కడ, ఎన్ని గజాలు అన్నది కచ్చితంగా ఉంటుంది. టేపు పట్టుకుని వెళ్లి కొలవండి. తేడా కనిపిస్తే రాసుకుని వార్డు సచివాలయంలో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. ఫోన్లో చెప్పడం, కార్పొరేటర్ ఎదురైతే నమస్కారం పెట్టి అడగడం, వీటికి రికార్డు ఉండదు. సమాధానం రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. పార్కు మీ సంఘమే చూసుకుంటానంటే చాలాచోట్ల కార్పొరేషన్ అప్పగిస్తోంది, అది మంచిదే. కానీ అప్పగించినంత మాత్రాన పార్కు సంఘం సొంతం అయిపోదు. పక్క బస్తీ పిల్లాడు లోపలికి వస్తే "నువ్వెవరు, ఏ ఫ్లాటు?" అని అడిగే వాచ్‌మన్ని పెట్టే హక్కు ఏ సంఘానికీ లేదు. ఇది జరుగుతోంది కాబట్టే చెబుతున్నాను. ఆ పిల్లాడికి ఇంట్లో జాగా లేదు, వీధిలో బళ్లు, స్కూల్లో గ్రౌండ్ లేదు. పార్కు అందరికన్నా ముందు వాడి కోసం.

రేపు సోమవారం. జీవీఎంసీలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. మా పార్కు గేటు మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచాలని, ఒక మరుగుదొడ్డి కట్టాలని, వాలు దారి వేయాలని అర్జీ రాసి తెచ్చాను. అదిగో, ఆ తలుపు పక్కన బల్ల మీద ఉంది. మా పేటవాళ్లు దాని మీద సంతకం పెట్టండి. వేరే కాలనీల నుంచి వచ్చినవాళ్ల కోసం ఖాళీ కాగితాలు, పెన్నులు కూడా పెట్టాం. మీ పార్కు ఎక్కడుంది, ఏ వేళల్లో తెరుస్తున్నారు, ఉయ్యాల కొక్కెం ఎలా ఉంది, రాసి ఇవ్వండి, అన్నీ కలిపి తీసుకెళ్తాం. పదింటికల్లా ఆశీల్‌మెట్ట దగ్గర కలుద్దాం. వెనక వరుసలో అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తుతోంది, అడగమ్మా.